తెరచాప నిండాకే సంతకం

పడవ పదకొండున్నరకి కదులుతుంది. అప్పలసూరిని ఒంటిగంటకి కోర్టులో హాజరు పెడతారు. ఇప్పుడు టైము తొమ్మిదీ ఇరవై. జయమణి చేతిలో ఉన్నదల్లా ఈ మధ్య సమయమే. అందులోనూ సీఐ నరసింహమూర్తి అప్పుడే పది నిమిషాలు తినేశాడు.

“మళ్లీ చదవమంటారా జయమణి గారూ?” అన్నాడు, ఫైలు మీద వేలు పెట్టి. ఫిషింగ్ హార్బరు పక్కనున్న ఆ పడవల యార్డులో, రేకుల షెడ్డు కింద, ఆ ఇద్దరికీ వేసిన కుర్చీలు రెండూ ఎదురెదురుగానే ఉన్నాయి.

“చదవండి. మీ నోట వింటే బాగుంటుంది.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. “సోమవారం సాయంత్రం ఏడూ ఐదు. అంబులెన్సులో క్షతగాత్రుడు ఎల్లారావు, వడ్రంగి మేస్త్రి, వయసు అరవై రెండు, డ్యూటీ కానిస్టేబుల్‌తో పలికిన చివరి మాటలు: శాపం... శాపం... బాబూ.”

“అంతేనా?”

“అంతే. ఐదు గంటలకి కింది మేస్త్రి అప్పలసూరి ఆయనతో గొడవపడి శాపం పెట్టాడు. చెయ్యి పడిపోవాలని. పన్నెండు మంది విన్నారు. ఐదున్నరకి అందరూ ఇళ్లకి వెళ్లారు. ఆరూ నలభైకి వాచ్‌మన్ వచ్చి చూస్తే పెద్దాయన తల పగిలి జెట్టీ మెట్ల మీద పడున్నాడు. పక్కన అప్పలసూరి కొయ్యసుత్తి. దానికి రక్తం. ఏడున్నరకి ప్రాణం పోయింది. పోయేవాడు అబద్ధం చెప్పడు కదండీ!”

“చెయ్యి పడిపోవాలన్నాడు గానీ తల పగలాలని అనలేదుగా?”

నరసింహమూర్తి నవ్వలేదు. గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి ఏడాదైంది. తెలుగు ఎం.ఏ. స్టేషన్లో కానిస్టేబుళ్లు రాసిన ప్రతి కాగితాన్నీ ఎర్ర పెన్నుతో దిద్దుతాడని పేరు. జయమణి ఉద్యోగం వదిలేసి సీతమ్మధారలో ఓ క్లినిక్ మీద గది తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టాక, ఆమె ఖాళీ చేసిన సీట్లోకి వచ్చినవాడు ఈయనే. అందుకని ఇద్దరికీ మొదటినుంచీ పడదు.

గేటు దగ్గర నేల మీద జోగమ్మ కూర్చుని ఉంది. అప్పలసూరి భార్య. ఒళ్లో నాలుగు గిన్నెల స్టీలు కేరేజీ. మొగుడు రెండ్రోజులుగా లాకప్‌లో ఏమీ ముట్టుకోవడం లేదని ఆమెకి తెలిసింది. ఇంటి అన్నం పెట్టనివ్వమని నిన్నంతా స్టేషన్ ముందు నిలబడినా లోపలికి రానివ్వలేదు. నిన్న సాయంత్రం జయమణి గది మెట్లెక్కి వచ్చి ఒక్కటే అడిగింది: “మా ఆయన సేసినాడని నీకనిపిస్తే ఒగ్గీ తల్లీ. సేయలేదనిపిస్తే మాత్రం ఒగ్గకు.” జయమణికి ఆ మాట ఇంకా గుండెలో ముల్లులా ఉంది.

“సీఐ గారూ, ఆ కేరేజీ సంగతి నాకొదిలేయండి,” అంటూ షెడ్డులోకి వచ్చాడు యార్డు మేనేజరు నాగబాబు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, చంకలో డెలివరీ కాగితాల ఫైలు. “పడవని సాగనంపేసి నేనే స్టేషన్‌కి పట్టుకెళ్లి ఇస్తాను. ఎంతైనా మా మనిషే కదా!”

“మీరైతే సరే. సెంట్రీకి ఫోన్ చేసి చెబుతాను,” అన్నాడు నరసింహమూర్తి.

జోగమ్మ లేచి రెండు చేతులూ జోడించింది. “దండం బాబూ.”

జయమణి కూడా లేచింది. “నాగబాబు గారూ, మీతో ఐదు నిమిషాలు.”

*

నాగబాబు ఆఫీసు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, తాళం వేసిన అద్దాల బీరువా. బీరువాలో కాగితాల కట్టలు, వాటి పక్కన తెల్ల రంగు డబ్బా.

“సోమవారం సాయంత్రం ఎక్కడున్నారు?”

“ఐదున్నరకి రుషికొండ బయల్దేరాను మేడమ్. డెలివరీ అయ్యాక పడవ చేయించుకున్న కెప్టెన్ గారి వాళ్లకి అక్కడే హోటల్లో భోజనాలు. మాట్లాడొద్దామని.”

“ఎన్నింటికి చేరారు?”

“ఆరున్నర... ఏడు. ట్రాఫిక్ మీకు తెలీందేముంది?”

“ఆరున్నరా, ఏడా?”

“ఏడనుకోండి.”

“మీరు పోలీసులకీ అదే చెప్పారని నిన్న రాత్రి ఆ హోటల్‌కి వెళ్లాను. మీరొచ్చింది ఏడూ నలభైకి అన్నారు. రెండు గంటల పది నిమిషాలు రుషికొండకి?”

నాగబాబు ఫైలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “దారిలో బండి పంచరైంది. ఆ కంగారులో టైము ఎవరు చూసుకుంటారు మేడమ్?”

“పంచరు ఎక్కడ వేయించారు?”

“పేరు గుర్తులేదు. రోడ్డు పక్క కొట్టు.”

జయమణి బీరువా వైపు చూసింది. “ఆ రంగు దేనికి?”

ఆ ప్రశ్న తేలిగ్గా ఉన్నందుకు ఆయన మొహం విప్పారింది. “పడవ ముక్కు మీద ‘దీనా’ అని రాసింది నేనే మేడమ్. నా చేతిరాత బాగుంటుందని కెప్టెన్ గారు నన్నే రాయమన్నారు. రాసి పది రోజులైంది. ఈ యార్డులో తెల్ల రంగు ఇదొక్క డబ్బాయే. తాళం నా దగ్గరే ఉంటుంది.”

“మీరూ పడవలో వెళుతున్నారా?”

“లేదు మేడమ్. నాకు నీళ్లంటే కడుపులో తిప్పేస్తుంది.”

పదేళ్లుగా పడవల యార్డు నడుపుతున్నవాడికి నీళ్లు పడవట! జయమణి బయటికొచ్చింది.

*

జెట్టీకి కట్టి ఉన్న ‘దీనా’ ముప్పై ఆరు అడుగుల పడవ. పలకల సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనె పట్టించి, ఇనుప మేకు ఒక్కటి కూడా పైకి కనబడకుండా బిగించారు. ఎల్లారావు పనితనం గురించి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

పడవ సొంతదారు కెప్టెన్ ఎడ్వర్డ్ చుక్కాని పట్టుకుని ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్లు. నలభై ఏళ్లు ఇనుప ఓడలు నడిపి రిటైరైన మనిషి.

“నా భార్య దీనా పోయి మూడేళ్లమ్మా,” అన్నాడు. “నన్ను ఎప్పుడూ అడిగేది. ఇంజను చప్పుడు లేకుండా గాలితో వెళ్లే పడవలో ఒక్కసారి తిప్పవా అని. రేపు, ఎల్లుండి అంటూ దాటేశాను. ఇప్పుడు పేరు మాత్రం పెట్టగలిగాను.”

“కాగితాల మీద సంతకం పెట్టేశారా?”

“నాగబాబు పొద్దున్నించీ అదే గోల. ఒడ్డునే పెట్టేయండి, గాలికి కాగితాలు ఎగిరిపోతాయి అని. నేను పెట్టను. ఎల్లారావు మొదటి రోజే చెప్పాడు. తెరచాప నిండాకే సంతకం. హార్బరు దాటి, తెరచాప ఎత్తి, అది గాలి పట్టాక పడవ ఎలా నడుస్తుందో చూసి అప్పుడు పెట్టమన్నాడు. ఆయన చేసిన ప్రతి పడవకీ అదే పద్ధతట. ఆయన లేకపోయినా ఆ మాట నేను తప్పను.”

పైన ఎవరో కళాసీ అరిచాడు: “ఒరే, సాప కట్టు సూడ్రా, ఓ పక్కకి జారిపోనాది!” ఇంకొకడు తాళ్లెక్కి వెళ్లాడు.

జయమణి స్తంభం దగ్గరికి వెళ్లింది. తెరచాప ఎత్తే ఆ నిలువు స్తంభం నూనె తాగి తేనె రంగులో మెరుస్తోంది. మోకాలి ఎత్తున మాత్రం మూరెడు మేర చుట్టూ తెల్ల రంగు పట్టీ. పేరు రాసిన తెలుపు, ఇదీ ఒకటే తెలుపు. ఆమె వేలు ఆనించింది. వేలు అంటుకుంది.

పది రోజుల కిందటి రంగైతే అంటుకోదు.

“అందం కోసం వేశారనుకున్నాను,” అన్నాడు ఎడ్వర్డ్.

ఆమె వేలి చివర తెల్లటి మరక చూసుకుంటూ గబగబా గేటు దగ్గరికి నడిచింది. “జోగమ్మా, ఎల్లారావు మేస్త్రి స్తంభానికి రంగు వేస్తాడా?”

“ఏటమ్మా అలగంతావు? మావ రంగెయ్యనిస్తాడేటి? వట్టి నూనే. రంగేసినావంటే కర్రకున్న రోగం దాసీసినావనేవోడు. ఆ గొడవే గదా సోమవారం నాడు!”

“ఏ గొడవ?”

“నాను టీ పట్టుకొచ్చినాను అయిదింటికి. మావ మా ఆయన్ని పట్టుకుని ‘తంబానికి రంగెందుకేసినావురా’ అని అరస్తన్నాడు. మా ఆయనకి రోసం. ‘నానేసినానా? ఆ రంగేసినోడి సెయ్యి పడిపోను!’ అన్నాడు. సాపం పెట్టినాడంటే పెట్టినాడు. కానీ మావనేటి కాదు తల్లీ, రంగేసినోణ్ని. పోలీసోళ్లకి సెప్పినాను. సగం ఇన్నారు, సగం ఒగ్గీసినారు.”

జయమణి అక్కడినుంచి తిన్నగా సీఐ దగ్గరికి వెళ్లింది. టైము పదకొండూ ఐదు.

“పడవని ఆపండి. హత్య జరిగింది మెట్ల మీద కాదు, పడవలో. రక్తం మరక మీద మళ్లీ రంగు పూశారు.”

“ఎవరు?”

“రంగు డబ్బా ఎవరి బీరువాలో ఉందో వాడు.”

“నాగబాబా?” నరసింహమూర్తి ఫైలు మూశాడు. “ఆయన రుషికొండలో ఉన్నాడు.”

“ఏడూ నలభైకి ఉన్నాడు. పోస్ట్‌మార్టంలో ఎల్లారావు గోళ్లలో తెల్ల రంగు ఉందని రాశారు. మీరు చదివారు కదా?”

“పడవల యార్డులో పనిచేసేవాడి గోళ్లలో రంగు ఉండక ఏముంటుందండీ?”

“జన్మలో రంగు ముట్టని మేస్త్రి గోళ్లలో ఉంది. అదీ మీకు ఆశ్చర్యం కాదా?”

“చూడండి,” అన్నాడాయన, గొంతు తగ్గించి. “చనిపోయిన మనిషి నోటి మాట నా దగ్గరుంది. మీ దగ్గర వేలికంటిన రంగుంది. ఏది నిలబడుతుందో మీకు నేను చెప్పాలా? ఒకప్పుడు ఈ సీట్లో కూర్చున్నారు కాబట్టి మర్యాద ఇస్తున్నాను. దాన్ని పాడుచేసుకోకండి.”

జయమణికి ఒళ్లు మండిపోయింది. నిజమే, చచ్చిపోయేవాడి మాట ముందు వేలి మరక ఏపాటిది?

పదకొండుంపావుకి పాస్టరు గారు జెట్టీ మీద మైకు ముందు నిలబడి ప్రార్థన చేశారు. కళాసీలు పడవ ముక్కు దగ్గర కొబ్బరికాయ కొట్టారు. సరిగ్గా పదకొండున్నరకి ఒక మోటారు బోటు తాడు కట్టి ‘దీనా’ని నెమ్మదిగా లాక్కుపోయింది. కెప్టెన్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. జెట్టీ మీద చప్పట్లు మోగాయి, కానీ ఎల్లారావు పనివాళ్లలో ఒక్కడూ కొట్టలేదు.

*

గుంపుని అదుపు చేయడానికి ఒక లేడీ కానిస్టేబుల్‌ని వేశారు. ఇరవై ఐదేళ్లుంటాయి. చొక్కా మీద హేమశ్రీ అని పేరు. అందరూ పడవ వంక చూస్తుంటే ఆమె మాత్రం ఎల్లారావు పడిన మెట్ల వంక చూస్తూ కళ్లు తుడుచుకుంటోంది.

“నీకు తెలిసినాయనా?” అడిగింది జయమణి.

“లేదు మేడమ్. అంబులెన్సులో ఆయన పక్కన ఉన్నది నానే.”

జయమణి ఆమె చొక్కా మీది పేరు మళ్లీ చూసింది. ఫైలులో ‘డ్యూటీ కానిస్టేబుల్’ అని ఉంటే మగవాడే అనుకుంది. ఇన్నేళ్ల సర్వీసు చేసి తను కూడా అలాగే అనుకుంది!

“ఆయన మాటలు రాసింది నువ్వేనా?”

“నానే. సీఐ సారు దిద్దినారు.”

“దిద్దకముందు ఏం రాశావు?”

హేమశ్రీ బెదురుగా షెడ్డు వైపు చూసి, జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసింది. “సారు తిడతారు మేడమ్. నాది రాతభాస కాదంతారు. నాకెలగ ఇనబడితే అలగే రాసీసినాను.”

పెన్సిలు అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, కదులుతున్న బండిలో రాసినవి కాబట్టి.

సాప... సాప ఎత్త... బాబు

“ఈ ‘ఎత్త’ ఏమైంది?”

“అర్థం లేదని సారు కొట్టీసినారు. ‘సాప’ అంటే శాపవే, నీకు స్పెల్లింగు రాదన్నారు. సారు ఎం.ఏ. గదా, నిజవే కావాలనుకున్నాను.”

జయమణి నాన్న పోర్టులో ఓడల సరుకులెత్తే వించి డ్రైవరు. వన్ టౌన్ సందుల్లో పెరిగిన పిల్లకి సాప అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. గంట కిందట కళాసీ పైన నిలబడి అదే మాట అరిచాడు. ‘సాప కట్టు సూడ్రా.’ చెవిలో పడింది, అలాగే జారిపోయింది.

శాపం కాదు, తెరచాప. సాప ఎత్తకండి. ప్రాణం పోతూ పోతూ ఆ మనిషి చంపినవాడి మీద ఫిర్యాదు చెయ్యలేదు. తన పడవెక్కేవాళ్లని కాపాడమన్నాడు.

ఆ రంగు కింద ఉన్నది రక్తం కాదు. రంగేశారంటే కర్ర రోగం దాచారని అర్థం. స్తంభం బీటలిచ్చింది. అది గాలి పట్టిన తెరచాప బరువుకి విరిగిందంటే, కింద కూర్చున్న వాళ్లలో ఎవరూ మిగలరు.

ఆమె హార్బరు వైపు తిరిగింది. టైము పదకొండూ యాభై రెండు. దూరంగా మోటారు బోటు తాడు విప్పేసింది. ‘దీనా’ మీద తెల్లగా ఏదో పైకి పాకుతోంది.

జయమణి పరిగెత్తింది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, కుర్చీలు తన్నుకుంటూ, పాస్టరు గారు పక్కకి తప్పుకునేలోపే మైకు లాక్కుంది. ఇరవై ఏళ్లు డిపార్టుమెంటులో దిద్దుకున్న భాషంతా ఆ నిమిషంలో ఎగిరిపోయింది.

“సాప ఎత్తకండ్రా! ఓరి నాయనా, సాప ఎత్తకండి! దించీండి! బేగి దించీండి!”

లౌడ్‌స్పీకరు హార్బరంతా మోగింది. చేపల బోట్ల మీద వలలు బాగు చేసుకుంటున్న వాళ్లు కూడా లేచి అందుకున్నారు. “సాప దించీ! దించీ!” ఒక్కడైనా ‘శాపమేమిటి’ అని అడగలేదు.

అక్కడ సగం ఎక్కిన తెరచాప ఒక్కసారి గాలి పట్టి బుస్సున నిండింది. ఒడ్డునున్న వాళ్లందరికీ వినిపించింది టప్‌మన్న చప్పుడు. స్తంభం ఓ పక్కకి వంగింది. ఎవడో కళాసీ తాడు వదిలేశాడు. తెరచాప కుప్పగా కిందపడింది. వంగిన స్తంభం వంగినట్టే ఆగిపోయింది.

కొంతసేపటికి కెప్టెన్ లేచి నిలబడి, స్తంభం మొదలు దగ్గర వంగి చూసి, రెండు చేతులూ మూరెడు వెడల్పుగా చాపి చూపించాడు. తెల్ల రంగు అంత పొడుగున చీలిపోయింది.

*

నరసింహమూర్తి మైకు పక్కనే నిలబడి ఉన్నాడు. మొహంలో రంగు లేదు.

“సాప,” అన్నాడు మెల్లగా, పలికి చూసుకున్నట్టు.

“నాగబాబు రంగు వేసి దాచింది ఎల్లారావు కంటపడింది,” అంది జయమణి, ఇంకా ఒగరుస్తూ. “అందరూ వెళ్లాక గోళ్లతో గీకి చూశాడు. బీట కనబడింది. డెలివరీ ఆపేస్తానన్నాడు. ఆపితే సంతకమూ లేదు, నాగబాబుకి డబ్బూ రాదు. చేతికి దొరికిన సుత్తి అప్పలసూరిది. కొట్టాక మెట్ల మీదకి ఈడ్చి, బీట మీద మళ్లీ రంగు పూసి, అప్పుడు రుషికొండ వెళ్లాడు. అందుకే ఆలస్యం, అందుకే అది ఇంకా ఆరలేదు.”

సీఐ ఫైలు తెరిచాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, తన చేత్తోనే దిద్దిన ‘శాపం’ని కొట్టేశాడు. పైన ‘సాప’ అని రాశాడు.

“కానీ కోర్టులో పేరు అడుగుతారు,” అన్నాడు. “ఆయన పేరు చెప్పలేదు. బాబూ అని ఈ అమ్మాయిని పిలిచాడంతే.”

“నన్ను బాబూ అని ఎందుకంతాడు సార్?” అంది హేమశ్రీ. “దారంతా తల్లీ, తల్లీ అనే పిలిసినాడు. అయినా నాను ‘బాబు’ అనే రాసినాను. దీర్గం మీరెట్టినారు.”

ముగ్గురూ ఒకేసారి వెనక్కి తిరిగారు. నాగబాబు కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద డెలివరీ ఫైలు, సంతకం కోసం మూత తీసి పెట్టిన పెన్ను.

గేటు దగ్గర జోగమ్మ చేతులు కూడా ఖాళీగా ఉన్నాయి.

“జోగమ్మా, కేరేజీ ఏది?” అడిగింది జయమణి.

“బాబు పట్టుకెల్లినాడమ్మా. పడవ కదలగానే ఎల్లిపోనాడు. కూర సల్లారిపోద్ది, ఆపీసులో ఎచ్చబెట్టి ఇస్తానన్నాడు.”

“ఏ బాబు?” అడిగాడు నరసింహమూర్తి, జవాబు తెలిసి కూడా.

“నాగబాబు సార్. యార్డులో అందరం బాబు అనే గదా పిలుస్తాం.”

బల్ల, కుర్చీలు, బీరువా తప్ప ఆ ఆఫీసులో పొయ్యే లేదు; అప్పలసూరి కోర్టుకి చేరకుండానే పోతే కేసు అక్కడితో మూతపడుతుంది. స్టేషన్ పది నిమిషాల దూరం. ఇప్పుడు పన్నెండూ ఎనిమిది. సీఐ జీపు వైపు పరిగెత్తుతూనే ఫోన్ కలిపాడు, జయమణి పక్కన పరిగెత్తింది. మూడో రింగుకి సెంట్రీ ఎత్తాడు.

“అప్పలసూరికి కేరేజీ వచ్చిందా?”

“వచ్చినాది సార్. మీరు సెప్పినారు గదా, లోపలికిచ్చీసినాం. పాపం రెండ్రోజుల తరవాత ఇప్పుడే సెయ్యి కడుక్కున్నాడు సార్.”

నరసింహమూర్తి నిలబడిపోయాడు. వెనకాల జోగమ్మ వస్తోంది, ఏమైందో అర్థంకాక, కొంగు సర్దుకుంటూ.

“తినడానికా?” అని అరిచాడు ఫోన్లో. “తినడానికి కడుక్కున్నాడా, తిన్నాక కడుక్కున్నాడా?”